చిరుధాన్యాలు: చేనుకీ కంచానికీ మధ్య రోలు

ఈమధ్య చిరుధాన్యాల మాట వినని వారు అరుదు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించినది మన దేశమే. అంతకు ముందు 2018లో కేంద్ర ప్రభుత్వం వీటిని "ముతక ధాన్యాలు" అనే చిన్నచూపు పేరు నుంచి తప్పించి "పోషక ధాన్యాలు"గా ప్రకటించింది. పట్టణాల్లో వీటికోసం ప్రత్యేకంగా దుకాణాలు వెలిశాయి. షుగరు జబ్బున్న వారు కొర్రన్నం వండించుకుంటున్నారు. ఇంత సందడి జరుగుతున్నా, మా ఊళ్ళో గత ఖరీఫ్‌లో కొర్ర వేసిన చేను ఒక్కటే ఒక్కటి. అది మా నాయనది.

నేను అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం నుంచి వచ్చి ఇక్కడ బి.యస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వృక్షశాస్త్రమూ, రసాయనశాస్త్రమూ నా పాఠ్యాంశాలు. తరగతిలో చదివిన దానినీ, ఇంటి దగ్గర చూసిన దానినీ పక్కపక్కన పెట్టి, ఈ గింజల మేలు ఎంతవరకు నిజమో, నిజమైతే మా వంటి రైతులు ఎందుకు వేయటం లేదో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏవి చిరుధాన్యాలు?

జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరికె, వరిగ, ఊద, అండుకొర్ర అనేవి మన ప్రాంతంలో ముఖ్యమైనవి. పేర్లు ఊరూరికీ మారుతాయి. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. సజ్జలను శ్రీకాకుళం వైపు గంటెలు అంటారు.

ఇవన్నీ ఈ నేలమీదే పుట్టాయనుకోవటం పొరపాటు. జొన్న, సజ్జ, రాగి ఆఫ్రికా ఖండం నుంచి వచ్చాయి. కొర్ర, వరిగ చైనా వైపు నుంచి వచ్చాయి. సామ, అరికె, అండుకొర్ర మాత్రం మన దేశపువే. ఎక్కడ పుట్టినా, వేల ఏండ్ల కిందటే వచ్చి మనవైపోయాయి. బళ్ళారి దగ్గర సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు చోట్ల తవ్వకాల్లో అండుకొర్ర, ఉలవ, పెసర గింజలు బొగ్గయిన రూపంలో దొరికాయి. అంటే మా సీమలో సుమారు 4000 ఏండ్ల కిందటే ఈ తిండి ఉందన్నమాట.

ఈ ధాన్యాలను రెండు తెగలుగా విడదీసి చూడాలి. మొదటి తెగ జొన్న, సజ్జ, రాగి. కళ్ళంలో నూర్చి తూర్పారబడితే వట్టి గింజ చేతికొస్తుంది. రెండో తెగ కొర్ర, సామ, అరికె, వరిగ, ఊద, అండుకొర్ర. వీటికి వడ్లకున్నట్టే గింజను కరుచుకొని గట్టి పొట్టు ఉంటుంది. దాన్ని తీస్తే గాని తినటానికి పనికిరావు. ఈ చిన్న భేదాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను. తర్వాత చెప్పబోయే కష్టసుఖాలన్నీ చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉన్నాయి.

చేను

మా జిల్లాలో సాలుకు సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా సమంగా పడదు. ఒక వారం కురిసి, నెల రోజులు మొగం చాటేస్తుంది. నేల ఎర్రది, లోతు తక్కువ, నీటిని పట్టి ఉంచదు. వరికి సాధారణంగా 1000 మిల్లీమీటర్లకు పైగా నీరు కావాలి. కొర్రకు 300 నుంచి 400 చాలు. వరి నాలుగైదు నెలల పంట. కొర్ర 75 నుంచి 90 రోజులలో కోతకు వస్తుంది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం వారు ఇచ్చిన సూర్యనంది రకం ఇంకా ముందే, సుమారు 75 రోజులకే వస్తుంది.

ఇంత తక్కువ నీటితో ఎలా బతుకుతుంది? దీనికి జవాబు ఆకులో ఉంది. మొక్క ఆహారం తయారు చేసుకోవాలంటే బొగ్గుపులుసు వాయువు కావాలి. అందుకు ఆకులోని పత్రరంధ్రాలు తెరుచుకోవాలి. అవి తెరుచుకున్నంతసేపూ లోపలి తేమ ఆవిరైపోతూనే ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు వరి వంటి మొక్కలకు ఇంకొక నష్టం కూడా ఉంది. రూబిస్కో అనే ఎంజైము బొగ్గుపులుసు వాయువును పట్టవలసింది పోయి, ప్రాణవాయువును పట్టుకుంటుంది. అప్పుడు చేసిన పనిలో కొంత వృథా అవుతుంది. దీనినే కాంతిశ్వాసక్రియ అంటారు.

చిరుధాన్యాలలో ప్రకృతి ఒక ఉపాయం పన్నింది. ముందుగా ఒక రకం కణాలు బొగ్గుపులుసు వాయువును పట్టి, నాలుగు కార్బన్లు గల ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఈనెల చుట్టూ తొడుగులా ఉన్న కణాలలోకి చేరి, అక్కడ మళ్ళీ వాయువును విడిచిపెడుతుంది. రూబిస్కో అక్కడే కాచుకొని ఉంటుంది. చుట్టూ బొగ్గుపులుసు వాయువు దండిగా ఉండటం వల్ల దానికి తప్పు పట్టు పట్టే అవకాశం తక్కువ. కనుక రంధ్రాలను కొద్దిగా తెరిచినా పని జరిగిపోతుంది, నీరు మిగులుతుంది. ఈ పద్ధతిని సి-4 మార్గం అంటారు. 1966లో హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాలో చెరకు ఆకులపై పనిచేసి దీన్ని వివరించారు.

మా నాయనకు రూబిస్కో తెలియదు. ఆయన చెప్పేది ఇంతే: "వాన తప్పితే సెనక్కాయ ఏడుస్తాది. కొర్ర ఊపిరి బిగబట్టి కాసుకుంటాది." రెండు మాటలూ ఒకటేనని నాకు తరగతిలో తెలిసింది.

విత్తనం ఖర్చు కూడా చూడాలి. ఎకరా వేరుశనగకు 60 కిలోల దాకా విత్తనం కావాలి. వాన మోసం చేస్తే అంత డబ్బూ మట్టిలో పోతుంది. కొర్రకు ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. మొలక చెడినా మళ్ళీ గొర్రు కట్టవచ్చు. ఐదు సాళ్ళు కొర్ర వేసి ఒక సాలు కంది వేయటం పాత పద్ధతి. కొర్ర కోసిన తర్వాత కంది తన లోతు వేళ్ళతో మిగిలిన తేమను తీసుకుని ఎదుగుతుంది, నేలకు నత్రజని ఇస్తుంది. జొన్న అయితే గింజ మనుషులకు, చొప్ప పశువులకు. కాకపోతే లేత జొన్నను, ముఖ్యంగా వానలేక వాడిన దాన్ని, పశువులు మేయకుండా చూడాలి. ఆ దశలో ఆకులోని ధురిన్ అనే పదార్థం నుంచి సైనైడు విషం పుడుతుంది. మా పెద్దలు కారణం తెలియకపోయినా ఆ జాగ్రత్త మాత్రం తప్పేవారు కాదు.

గింజలో ఏముంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల విలువల పట్టికలు ప్రచురించింది. 100 గ్రాముల గింజలో ఉన్నవి, కొంచెం సర్ది చెబితే, ఇవి:

తెల్లబియ్యం – మాంసకృత్తులు 7.9 గ్రాములు, పీచు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మి.గ్రా., కాల్షియం 7.5 మి.గ్రా.
జొన్న – మాంసకృత్తులు 10 గ్రాములు, పీచు 10.2 గ్రాములు, ఇనుము 4 మి.గ్రా., కాల్షియం 28 మి.గ్రా.
సజ్జ – మాంసకృత్తులు 11 గ్రాములు, పీచు 11.5 గ్రాములు, ఇనుము 6.4 మి.గ్రా., కాల్షియం 27 మి.గ్రా.
రాగి – మాంసకృత్తులు 7.2 గ్రాములు, పీచు 11.2 గ్రాములు, ఇనుము 4.6 మి.గ్రా., కాల్షియం 364 మి.గ్రా.

రాగిలోని కాల్షియం బియ్యంలో కంటే సుమారు 48 రెట్లు. సజ్జలోని ఇనుము దాదాపు పది రెట్లు. అయితే రాగిలో మాంసకృత్తులు బియ్యం కన్నా తక్కువే అని కూడా ఈ పట్టికే చెబుతోంది. అందుకే మా వైపు సంగటి ముద్ద పక్కన పప్పో, ఊరుబిండో తప్పక ఉంటుంది.

చక్కెర జబ్బు విషయానికి వద్దాం. చిరుధాన్యంలోనూ మూడింట రెండు వంతుల దాకా పిండి పదార్థమే. తేడా అంతా అది రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందనే దానిలో ఉంది. పీచు ఎక్కువగా ఉండటం వల్ల జీర్ణం నిదానంగా సాగుతుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ముందుండి, వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి 2021లో ఒక పరిశీలన ప్రకటించారు. అందులో చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ సూచిక 52.7గా తేలింది. తెల్లబియ్యం, మైదా కంటే ఇది బాగా తక్కువ. ఇది మంచి మాటే. అయితే కొర్రన్నం తింటున్నాం గదా అని మందులు మానేయటం, రెండింతలు తినటం ప్రమాదం. ఇది తిండి, మందు కాదు. మెత్తగా పిండిచేసి జావ కాస్తే ఆ నిదానం చాలావరకు పోతుందనీ, గింజగా గాని రవ్వగా గాని వండుకుంటేనే ఎక్కువ నిలుస్తుందనీ గుర్తుంచుకోవాలి.

మరొక సంగతి కూడా దాచకూడదు. ఈ గింజల పై పొరల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇనుమును పట్టి ఉంచి, పేగుల్లోకి సులువుగా పోనివ్వదు. పట్టికలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. గింజను నానబెడితే, మొలకెత్తిస్తే, పిండిని పులియబెడితే ఆ ఆమ్లం కొంత విరిగిపోతుంది. రాత్రి కాచి పులియబెట్టి పొద్దున తాగే అంబలి వెనుక, పసిబిడ్డలకు పెట్టే మొలకరాగుల పిండి వెనుక ఇంత రసాయనశాస్త్రం ఉంది. పక్కన ఒక నిమ్మకాయ ముక్క పిండుకుంటే ఇనుము ఇంకా బాగా పడుతుంది.

ఇక ఒక్క గింజనే పట్టుకుని బతకటం ఏ గింజతోనైనా చేటే. మా అమ్మమ్మల కాలంలో దక్కను పీఠభూమిలో జొన్న తప్ప వేరే తిండి దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. దీని గురించి 1960లో మన శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉండటం కారణం కావచ్చునన్నారు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడుగా ఉన్న జొన్నరొట్టె వేరు, వట్టి జొన్నరొట్టె వేరు. పాత రోజులు అన్నీ బంగారు రోజులని పొగిడేవారు ఈ సంగతి మరచిపోరాదు.

రోలు

ఇప్పుడు మొదట చెప్పిన భేదానికి వస్తున్నాను. కొర్ర, సామ, అరికె తినాలంటే పొట్టు పోవాలి. పూర్వం దీనికి రోలూ, రోకలీ, చాటా తప్ప వేరే సాధనం లేదు. మా అవ్వ చెప్పే లెక్కన, ఇంటిల్లిపాదికీ ఒక పూటకు సరిపడే కొర్రబియ్యం చేయాలంటే ఇద్దరు ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి ఎదురెదురుగా నిలబడి దంచాలి. దంచి, చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరగాలి. అరికెలకైతే పొట్టు పొరలు పొరలుగా ఉంటుంది కనుక ఇంకా ఎక్కువసార్లు. ఆ తర్వాతే పొయ్యి ముట్టించడం. తర్వాత చేను పని. "కొర్రన్నం తియ్యగుంటాది నాయనా, దంచినోళ్ళ రెక్కలు మాత్రం తియ్యగుండవు" అంటుంది అవ్వ. చిరుధాన్యాలను మెచ్చుకుంటూ రాసే వారిలో చాలామంది ఈ రెక్కల సంగతి రాయరు.

పోనీ, ఒకేసారి దంచి పెట్టుకోవచ్చు గదా అని అడగవచ్చు. అక్కడ కూడా శాస్త్రం అడ్డం వస్తుంది. తెల్లబియ్యంలో కొవ్వు 100 గ్రాములకు అర గ్రాము. సజ్జలో 5 గ్రాములకు పైగా ఉంటుంది. గింజ పగలనంతవరకు ఆ కొవ్వు పదిలంగా ఉంటుంది. ఇసుర్రాతిలో పడి పిండి అయిన వెంటనే లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును చేరుతుంది. కొన్ని రోజులకే పిండి కమురు వాసన వేసి చేదెక్కుతుంది. పొట్టు తీసిన కొర్రబియ్యం కూడా తెల్లబియ్యంలాగా నెలల తరబడి నిలవ ఉండదు. పొట్టుతో ఉన్న కొర్రలు మాత్రం ఏండ్ల తరబడి గాదెలో ఉంటాయి. అందుకే మా ముసలివాళ్ళు ఏపూటకాపూట దంచుకునేవారు. అది సంప్రదాయం కాదు, అవసరం.

బియ్యపు మరలో వేద్దామంటే గింజ చిన్నది, జారిపోతుంది. వేరే మర కావాలి. గింజను వేగంగా విసిరి గోడకు కొట్టి పొట్టు పగలగొట్టే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. రాళ్ళు తీసే యంత్రం, జల్లెడ కూడా దాని వెంట ఉండాలి. ఇవి పట్టణాల దగ్గర ఉన్నాయి గాని పండే ఊళ్ళ దగ్గర తక్కువ.

ఇంకొక చిక్కు. బజారులో దొరికే కొర్రబియ్యం కొన్నిసార్లు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. అంటే పొట్టుతో పాటు తవుడు పొరను కూడా పాలిష్ పట్టి తీసేశారన్నమాట. పీచు, ఖనిజాలు, బి విటమిన్లు ఉండేది ఆ పొరలోనే. చూపుకు బాగుంటుందనీ, నిలవ ఉంటుందనీ అలా చేస్తారు. అప్పుడు ఆ గింజకూ తెల్లబియ్యానికీ మధ్య తేడా చాలావరకు పోతుంది, ధర తేడా మాత్రం మిగులుతుంది. కొనేవారు పేరు చూసి కాక రంగు చూసి కొనాలి. కొంచెం పసుపుగా, మసకగా ఉన్నదే మేలైనది.

ఎందుకు పోయాయి?

1970 ప్రాంతంలో దేశంలో జొన్న సుమారు 170 లక్షల హెక్టార్లలో పండేది. 2020 నాటికి అది 50 లక్షల హెక్టార్ల లోపుకు దిగింది. దీనికి ఒక్క కారణం చెబితే సరిపోదు.

వరి అంటే గొప్ప, జొన్న అంటే చిన్నతనం అనే భావం పాతదే. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు మనకు తెలిసినవే. మా జిల్లాకు ఆనుకొని ఉన్న కన్నడ దేశంలో మాత్రం 16వ శతాబ్దంలో కనకదాసు రామధాన్య చరిత్రె అనే కావ్యంలో వరికీ రాగికీ తగువు పెట్టి, రాముడి చేత రాగినే గెలిపించాడు.

కాలువల కింద ఐ.ఆర్.8 వంటి కొత్త వరి వంగడాలు 1966 తర్వాత వచ్చాయి. మా వంటి మెట్ట ప్రాంతంలో వేరుశనగ రొక్కం తెచ్చే పంటగా నేలంతా అల్లుకుంది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. దాన్ని నేను తప్పు పట్టను. కరువు ఏడాదుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ బియ్యంతోనే అని అవ్వే చెబుతుంది. కాకపోతే దంచకుండా వండుకునే బియ్యం రెండు రూపాయలకు ఇంటికొచ్చినప్పుడు, తెల్లవారుజామున లేచి కొర్రలు దంచే ఆడమనిషి ఎవరు? రోకలి గోడకు చేరింది. తర్వాత కొర్ర చేనుకు ఇంట్లో అవసరం లేకుండా పోయింది.

మా రెండెకరాలు

మాకు ఆరెకరాల మెట్ట ఉంది. బోరు ఎండిపోయి నాలుగేండ్లయింది, దాని అప్పు మాత్రం ఎండలేదు. గత ఖరీఫ్‌లో నాయన నాలుగెకరాలు వేరుశనగ, రెండెకరాలు కొర్ర వేశాడు. ఆగస్టులో మా ఊళ్ళో మూడు వారాలు చినుకు లేదు. అప్పటికి వేరుశనగ ఊడలు దిగే దశలో ఉంది. నేల గట్టిపడి ఊడలు లోపలికి పోలేదు. పెట్టిన విత్తనం కూడా సరిగా తిరిగి రాలేదు. కొర్ర వాడింది, మళ్ళీ వాన పడగానే లేచింది.

అయితే చుట్టుపక్కల కొర్ర వేసింది మేమొక్కరమే కావటంతో ఊళ్ళో ఉన్న పిట్టలన్నీ మా చేలోనే వాలాయి. పది చేలు ఉంటే పదింటికీ పంచుకునేవి. అమ్మా, చెల్లెలూ వంతులవారీగా డబ్బా కొడుతూ కాపలా ఉన్నారు. చివరికి 8 క్వింటాళ్ళు చేతికొచ్చాయి.

ఊరికి వచ్చిన వ్యాపారి క్వింటాలుకు 2500 రూపాయలన్నాడు. పట్టణంలో కొర్రబియ్యం కిలో 90 రూపాయలు. నాయన ఈ రెండంకెలు విని నన్ను లెక్క వేయమన్నాడు. ఒక క్వింటాలును 45 కిలోమీటర్ల దూరంలోని మరకు తీసుకెళ్ళాం. బాడుగ, మర కూలి కలిపి 700 రూపాయలయింది. 64 కిలోల బియ్యం వచ్చింది. అంటే 3200 రూపాయలకు 64 కిలోలు, కిలో 50 రూపాయలు పడింది. పట్టణంలో 90. మధ్యలో 40 రూపాయలు ఉన్నాయి. అవి మావి కావాలంటే మర దగ్గర ఉండాలి, సరుకు ఏడాది పొడుగునా కొనేవాడు ఉండాలి. మాకు రెండూ లేవు. ఒక దుకాణంలో అడిగితే ఇంత తక్కువ సరుకు మాకెందుకన్నారు. ఇంటికి కొంత ఉంచుకుని మిగతాది వ్యాపారికే ఇచ్చాం.

మద్దతు ధర సంగతి అడుగుతారేమో. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన పట్టికలో రాగికి క్వింటాలుకు 4886 రూపాయలు, సాధారణ రకం వరికి 2369 రూపాయలు ఉంది. జొన్నకూ, సజ్జకూ కూడా ధరలున్నాయి. ఆ పట్టికలో కొర్రకు, సామకు, అరికెకు వేరే వరుస లేదు. ధర రాసి ఉన్న చోట కూడా కొనే కేంద్రం దగ్గర ఉంటేనే ఆ అంకెకు విలువ.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాయన అన్న మాట ఇది: "తినేదానికి బాగుంది. అమ్మేదానికే బాగలేదు. వచ్చే ఏడు వెయ్యల్నా వద్దా, చదువుకున్నోడివి నువ్వు చెప్పు." అప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

దారి ఉన్న చోట్లు

ఈ తెగిన గొలుసును కలిపిన వారు లేకపోలేదు. జహీరాబాదు ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి పండించి, తమ ఊళ్ళోనే నిలవచేసి తమవారికే పంచుకునే ఏర్పాటు చేసుకున్నారు. విత్తనాలు కూడా ఇంట్లోనే దాచుకుంటారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒడిశా ప్రభుత్వం 2017లో గిరిజన ప్రాంతాలలో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టి, పండించటం, మర పట్టటం, కొనటం, తినిపించటం అన్నీ ఒకే పథకంలో చేర్చింది. రాగులు కొని రేషన్ కార్డుల మీద ఇచ్చింది. ఈ రెండు చోట్లా పంట నిలిచిందంటే, గింజను పొగిడినందువల్ల కాదు. చేను, రోలు, కంచం మూడింటినీ కలిపి చూసినందువల్ల.

మనం చేయగలిగినది

మన కళాశాల హాస్టలులో సుమారు 300 మంది ఉన్నాం. మూడు పూటలా బియ్యమే. వారానికి ఒక్క పూట కొర్రన్నం గాని, రాగి సంగటి గాని వండితే ఏమవుతుందో లెక్క వేశాను. మనిషికి 100 గ్రాముల చొప్పున పూటకు 30 కిలోలు. చదువు జరిగే 30 వారాలకు 900 కిలోల కొర్రబియ్యం. దానికి సుమారు 14 క్వింటాళ్ళ కొర్రలు కావాలి. మా చేలో ఎకరాకు 4 క్వింటాళ్ళు పండింది కనుక, అది మూడున్నర ఎకరాల పంట. ఒక్క హాస్టలు, వారానికి ఒక్క పూట, మా వంటి రెండు కుటుంబాల కొర్ర చేలకు కొనుగోలుదారు అవుతుంది.

మెస్సు వారు రైతు దగ్గర కిలో 65 రూపాయలకు కొన్నారనుకోండి. 64 కిలోలకు 4160 రూపాయలు. బాడుగ, మర కూలి 700 పోగా రైతుకు క్వింటాలుకు 3460 మిగులుతాయి. వ్యాపారి ఇచ్చినది 2500. మనకు పడే భారం ఎంత? బియ్యం కిలో 45 అనుకుంటే తేడా 20 రూపాయలు. 100 గ్రాములకు రెండు రూపాయలు. వారానికి మనిషికి రెండు రూపాయలన్నమాట. క్యాంటీనులో అర కప్పు టీ కూడా రాదు.

వండటంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కొర్రలు నాలుగైదు గంటలు నానబెట్టి, ఒకటికి రెండున్నర వంతుల నీళ్ళు పోసి వండితే సరి. మొదట్లో నమలటానికి కష్టంగా ఉందనేవారు ఉంటారు. కడుపు ఉబ్బరించిందనేవారు కూడా ఉంటారు. పీచు అలవాటు లేని పేగుకు అది సహజం. అందుకే వారానికి ఒక్క పూటతో మొదలుపెట్టమంటున్నాను.

విద్యార్థి సంఘం వారికి నా మనవి: వచ్చే విద్యా సంవత్సరం మెస్ కమిటీ మొదటి సమావేశంలో ఈ అంశం పెట్టండి. అధ్యాపకులకు నా మనవి: బజారులో దొరికే కొర్రబియ్యం నాలుగైదు రకాలు తెచ్చి, వాటిలో పీచు, ఇనుము ఎంత మిగిలిందో పరీక్షించే పనిని మాకు ప్రాజెక్టుగా ఇవ్వండి. మన ప్రయోగశాలలో ఆ మాత్రం పరికరాలు ఉన్నాయి. పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, వ్యవసాయ శాఖలో, బ్యాంకుల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు ఉన్నారు. నాలుగైదు ఊళ్ళకు ఒక చిన్న పొట్టు మర, రాళ్ళు తీసే యంత్రం పెట్టటానికి ఏ పథకం కింద సహాయం దొరుకుతుందో, ఎవరిని కలవాలో వారు చెప్పగలిగితే మా వంటి ఊళ్ళకు అదే పెద్ద ఉపకారం.

మా వైపు కొర్రకు ఆరుద్ర కార్తె దాటకుండా అదను చూసుకోవాలి. అంటే జూన్ నెలాఖరు, జూలై మొదటి వారం. ఆలోగా మెస్ కమిటీ నుంచి "అవును" అనే మాట వస్తే, మా నాయన అడిగిన ప్రశ్నకు నేను అంకెలతో సహా జవాబు చెప్పగలను.